పదిహేడో పేజీ

ముప్పై నాలుగేళ్ళ మనిషి రిటైరయ్యానని చెప్పుకుంటే ఎవరైనా నవ్వుతారు. రాజీనామా అనే మాట ఉంది కానీ అందులో కోపం వినిపిస్తుంది. నాకు ఎవరి మీదా కోపం లేదు. పదేళ్ళు ఒకే బల్ల దగ్గర కూర్చుని ఒకే పని చేశాను. ఇక చెయ్యలేనని తెలిసింది. లేచి వచ్చేశాను.

ఆ బల్ల దగ్గర ఇప్పుడు కొత్తగా ఇద్దరు అమ్మాయిలు కూర్చుంటున్నారని మన ఆఫీసు నడిపే దేవరాజులు సారు ఫోన్ చేసి చెప్పారు. "ఒకరోజు వచ్చి వాళ్ళకి నాలుగు మాటలు చెప్పి పోమ్మా" అన్నారు. నలుగురి ముందు నిలబడి మాట్లాడటం నా వల్ల కాదు. ఇద్దరి ముందైనా కాదు. అందుకని రాసి పంపుతున్నాను. డైరీలు పక్కన పెట్టుకునే రాస్తున్నాను, కాబట్టి ఎవరు ఏమన్నారన్నది చాలావరకు అన్నట్టే ఉంటుంది.

ఫారాలు ఎలా నింపాలో, ముద్ర ఎక్కడ వెయ్యాలో ఇందులో ఉండదు. అవి వారంలో మీకే వచ్చేస్తాయి.

మనం చేసే పని

చింతాద్రిపేటలో ప్రెస్సు మీద మేడలో రెండు గదులు. కిటికీ తీస్తే కూవం నది మురుగు వాసన, మూస్తే ఇంకు వాసన. బయట బోర్డు చూసి చాలామంది మనది ప్రభుత్వ ఎన్నికల ఆఫీసు అనుకుంటారు. ఓటరు కార్డులో పేరు తప్పు పడిందని మెట్లెక్కి వస్తారు. వాళ్ళని కసరకండి. ఎక్కడికి వెళ్ళాలో కాగితం మీద రాసివ్వండి.

మనం సంఘాలకి ఓట్లు జరిపిపెడతాం. కార్మిక సంఘాలు, ఇళ్ళ సొసైటీలు, వ్యాపారుల సంఘాలు. వాళ్ళలో వాళ్ళకి నమ్మకం లేక బయటివాళ్ళని పిలుచుకుంటారు. రెండు రకాల ఓట్లు ఉంటాయి. ఒకటి పదవులకి. అందులో మనకి పెద్ద కష్టం ఉండదు, అరుపులన్నీ వాళ్ళే అరుచుకుంటారు. రెండోది తీర్మానం మీద. ఈ స్థలం ఇవ్వాలా వద్దా, ఈ నిబంధన మార్చాలా వద్దా. అవును, కాదు, రెండే గళ్ళు. చూడటానికి సులువుగా ఉంటుంది. ప్రమాదం అంతా ఇందులోనే. పదవికి నిలబడిన మనిషి మొహం ఓటరు చూడగలడు. తీర్మానానికి మొహం ఉండదు. దాని వెనక ఎవరున్నారో ఎవరో ఒకరు చెబితే తప్ప తెలియదు.

అది చెప్పడానికే ఓటరు పుస్తకం. తీర్మానం పూర్తి పాఠం, అవునన్నవాళ్ళ వాదన, కాదన్నవాళ్ళ వాదన, ఓటు వేసే పద్ధతి. చివరి పేజీలో దాతల పేర్లు: ఒక్కో పక్షం ప్రచారానికి అందరికన్నా ఎక్కువ ఇచ్చిన ఐదుగురు, వాళ్ళ ఊరు, వాళ్ళు చేసే పని. ఈ చివరి పేజీ పెట్టమని మనల్ని ఎవరూ అడగలేదు. అది దేవరాజులు సారు షరతు. ఆ పేజీకి ఒప్పుకోని సంఘానికి ఆయన ఓటు జరపరు. సహకార శాఖలో నౌకరీ చేసినన్నాళ్ళూ ఆయన చూసింది ఒకటే అట: తీర్మానాలు చదివి ఎవరూ మోసపోలేదు, తీర్మానం తెచ్చినవాడిని చూసి మోసపోయారు.

నేను చేరిన రోజు ఆయన నాకు పాత పుస్తకం ఒకటి ఇచ్చి, బల్ల మీద బోర్లా పడేసి చూపించారు. "మొదటి పేజీ ఎవురూ చదవరమ్మా. చివరి పేజీ అందరూ చూస్తారు. ఇట్ల పారేసినా అదే కదా పైన ఉంటుంది. అందుకే దాతల్ని ఆడ పెట్టినా" అన్నారు.

నాకు ఈ ఉద్యోగం రావడానికి కారణం తెలుగు చదవడం, రాయడం రావడం. మా ఇల్లు చూలై. తరతరాలుగా ఇక్కడే ఉన్నాం. ఇంట్లో మాట తెలుగు, బడిలో చదువు తమిళం. మా నాయనమ్మ పట్టుబట్టి తెలుగు అక్షరాలు నేర్పింది. ఆమె పోయాక ఆ అక్షరాలతో మాట్లాడటానికి ఎవరూ లేక పుస్తకాలు పట్టుకున్నాను. రైల్లో, మధ్యాహ్నం భోజనం దగ్గర, ఎవరూ చూడకుండా చదివేదాన్ని. ఎదుటివాళ్ళతో మాట్లాడాల్సి వస్తే మాత్రం గొంతు పెగిలేది కాదు. మన పనికి అది మంచిదే అనుకున్నాను. ఎన్నికల ఆఫీసులో మనిషి నోరు మూసుకుని ఉండాలి కదా. ఎంత తప్పుగా అనుకున్నానో తర్వాత చెబుతాను.

చూలై శ్రేయోభిలాషి

మొదటి ఏడాదే మా పేటలోనే ఓటు పడింది. రేకు పనివాళ్ళ సంఘం. డబ్బాలు, బకెట్లు, గొట్టాలు చేసే చిన్న చిన్న షాపులు. తీర్మానం ఏమిటంటే, అందరూ కలిసి ఊరి బయట కొత్తగా కట్టే షెడ్లకి మారిపోవాలని. అవును పక్షం వాళ్ళ ప్రచారం చాలా గట్టిగా ఉంది. దాతల జాబితా తెచ్చి ఇచ్చారు. అందులో మొదటి పేరు స్కూలు బస్సు నడిపే ఒక డ్రైవరుది.

సారు ఆయన్ని పిలిపించి కూర్చోబెట్టారు. కాఫీ ఇప్పించారు. మీకూ రేకు పనికీ ఏం సంబంధమని మెల్లగా అడిగారు. ఆయన కప్పు కింద పెట్టి, మా బావ ఇమ్మన్నాడు సార్, అన్నాడు. ఆ బావ ఎవరో కాదు, ఊరి బయట ఆ షెడ్లు కడుతున్న స్థలం ఆయనదే.

మర్నాడు బావే స్వీటు డబ్బాతో వచ్చాడు. తన పేరు వద్దని, ఒక శ్రేయోభిలాషి అని వేస్తే చాలని అడిగాడు.

"శ్రేయోభిలాషికి ఊరూ పేరూ ఉంటాయి కదా స్వామీ. అవి కూడా రాయించండి" అన్నారు సారు.

"ఇచ్చింది మా బామ్మర్ది చేత్తో కదండీ."

"చేతులు మాకు వద్దు. జేబు చెప్పండి."

స్వీటు డబ్బా వెనక్కి ఇచ్చి రమ్మని నన్ను కిందికి పంపారు. కారు దగ్గర నిలబడి ఆ డబ్బా ఎలా ఇవ్వాలో తెలియక, కారు మీద పెట్టి పరుగెత్తుకుని పైకి వచ్చేశాను. ఆ సంగతి చెప్పి సారు నన్ను ఏళ్ళ తరబడి ఆటపట్టించారు.

పేరు అచ్చయింది. తీర్మానం ఓడిపోయింది. ఆ రోజు నేను డైరీలో "చివరి పేజీ గెలిచింది" అని రాసుకున్నాను. పని మీద ఇష్టం పుట్టింది ఆ రోజే. తప్పు పాఠం నేర్చుకున్నదీ ఆ రోజే. పేజీ ఉంటే చాలు, దాని పని అది చేసుకుంటుందనుకున్నాను.

పెద్ద అక్షరాలు

ఇక నేను రాయడానికి కూర్చున్న అసలు సంగతి ఇది.

కోడంబాక్కంలో, రైలు పట్టాలకి దగ్గరలో, సినిమా పనివాళ్ళ ఇళ్ళ సొసైటీ ఒకటి ఉండేది. సెట్లు వేసే వడ్రంగులు, రంగులు కొట్టేవాళ్ళు, దుస్తులు కుట్టేవాళ్ళు, ఇస్త్రీ చేసేవాళ్ళు. ఒంటి అంతస్తు ఇళ్ళు, వరసలు వరసలుగా. చివరి వరసలో పంతొమ్మిది ఇళ్ళు, అందరూ నెల్లూరు వైపు నుంచి వచ్చిన తెలుగువాళ్ళు. తీర్మానం ఏమిటంటే, ఆ స్థలాన్ని ఒక కట్టడాల కంపెనీకి ఇవ్వాలి, వాళ్ళు పాత ఇళ్ళు కొట్టేసి ఫ్లాట్లు కట్టి సభ్యులకి తలా ఒకటి ఇస్తారు, కట్టేదాకా బయట ఉండటానికి అద్దె కూడా ఇస్తారు. కంపెనీ పేరు ఇక్కడ రాయను. కేసు నడుస్తోంది.

ఓటు గురించి చెప్పడానికి సారూ నేనూ సొసైటీ మీటింగుకి వెళ్ళాం. నేను వెనక గోడకి ఆనుకుని నిలబడ్డాను. సారు నమూనాగా పాత పుస్తకాలు పంచమన్నారు, పంచాను. ముందు కుర్చీలో ఉన్న ఒక పెద్దావిడ పుస్తకం కళ్ళ దగ్గరికి తెచ్చుకుని, దూరం పెట్టుకుని, మళ్ళీ దగ్గరికి తెచ్చుకుంది.

"ఏం సారూ, అచ్చరాలు చీమలట్టా ఉండాయి. చదవాల్నా, ఏరుకోవాల్నా?"

అందరూ నవ్వారు. సారు కూడా నవ్వి నా వైపు వేలు చూపించారు. "ఆ అమ్మాయిని అడగండి. తెలుగు పుస్తకం ఆమెదే."

ఆమె వెనక్కి తిరిగి నన్ను పిలిచింది. "పాపా, పెద్దవి చెయ్యి. నేనొక్కదాన్నే కాదు, మా వరసంతా నా నోటితోనే ఇంటాది."

ఆమె పెంచలమ్మ. సినిమా దుస్తులు ఇస్త్రీ చేసి చేసి రిటైరైన మనిషి. రెండు వేళ్ళకి గోళ్ళు లేవు. తెలుగులో ఐదో క్లాసు చదివింది. ఆ వరసలో మిగతా పెద్దవాళ్ళలో చాలామందికి తెలుగు గానీ తమిళం గానీ సరిగ్గా చదవడం రాదు. పిల్లలకి తమిళం చదవడం వచ్చు, తెలుగు రాదు. అందుకని ఏ కాగితం వచ్చినా సాయంత్రం కుళాయి దగ్గర అందరూ చేరేవాళ్ళు, పెంచలమ్మ మొదటి అక్షరం నుంచి కింద ప్రెస్సు పేరు దాకా పైకి చదివేది. ఇంటికి ఏ భాష పుస్తకం కావాలని మేం అడిగితే వరసంతా తెలుగే అడిగింది. ఆమె చదివి వినిపిస్తుంది కదా అని.

ఆ రోజు మీటింగయ్యాక నన్ను తన ఇంటికి తీసుకెళ్ళింది. ఒక గది, వంటిల్లు, ముందు చిన్న అరుగు. మజ్జిగ ఇచ్చి, తలుపు మీద సొసైటీ వాళ్ళు కొట్టిన రేకు నంబరు, దాని కింద తన పేరు చూపించింది. ఇంత బతుకులో తన పేరు రాసి ఉన్నది ఈ ఒక్క తలుపు మీదే అంది. మరి ఓటు ఎటు వేస్తారని నేను అడగలేదు, అడగకూడదు. ఆమే చెప్పింది. వరసంతా బాబూరావు ఎట్టా చెబితే అట్టా అని.

బాబూరావు ఆ కాలనీలో రంగుల మేస్త్రీ. చావుకీ పెళ్ళికీ ముందుండే మనిషి. అవును పక్షానికి ఆయనే పెద్ద. ఆదివారం ఆదివారం కాలనీలో భోజనాలు, మైకు పెట్టిన ఆటో, రంగుల కరపత్రాలు. ఇవన్నీ బాబూరావు సొంత ఖర్చని, భార్య గాజులు కుదవ పెట్టి మరీ చేస్తున్నాడని వరసలో అందరూ నమ్మారు. మన కోసం అంత చేస్తున్న మనిషి మనల్ని ముంచుతాడా అన్నది వాళ్ళ లెక్క.

దాతల జాబితా మా చేతికి వచ్చింది. సారు పట్టుబట్టి అసలు పేర్లు రాబట్టారు. అవును పక్షంలో మొదటి పేరు ఆ కట్టడాల కంపెనీ. తీర్మానంలో స్థలం ఎవరికి ఇవ్వాలని ఉందో వాళ్ళే. రెండో పేరు ఆ కంపెనీ మేనేజరు. మిగతా ముగ్గురూ వాళ్ళకి ఇటుక, ఇసుక తోలేవాళ్ళు. బాబూరావు పేరు ఎక్కడా లేదు.

నేను తెలుగు పుస్తకం అక్షరాలు పెద్దవి చేశాను. వరసల మధ్య ఖాళీ పెంచాను. పెంచలమ్మ పుస్తకం చేతిలోకి తీసుకుని తేలిగ్గా చదువుకుంటూ పోవడం ఊహించుకుంటే సంతోషంగా ఉండేది. తమిళ పుస్తకం పదహారు పేజీల్లో సరిపోయింది. తెలుగు పుస్తకం పదిహేడు అయింది. ఆ పదిహేడోది దాతల పేజీ.

ప్రెస్సు మురుగేశన్ అన్న పైకి వచ్చి చెప్పారు. కాగితం మడత లెక్కన ఒక పేజీ పెరగడమంటే ఒకటి కాదు, నాలుగు పెరగాలి. కాగితం మళ్ళీ తేవాలి, రెండు రోజులు ఆలస్యం. పుస్తకాలు పంచాల్సిన గడువు మర్నాడే. సారు ఆ వారమే కంటి ఆపరేషన్ చేయించుకుని కట్టుతో ఇంట్లో ఉన్నారు. ఫోన్ చేశాను. ఒక పేజీ ఎక్కువైందన్నాను. ఏ పేజీ అని ఆయన అడగలేదు. నేను చెప్పలేదు.

"ఏదో ఒకటి తీసేసి పదహారుకి తేమ్మా. తీసేసింది సొసైటీ నోటీసు బోర్డు మీద అంటిద్దాం. సరియా" అన్నారు.

తియ్యడానికి ఇంకో పేజీ ఉంది. రెండో పేజీ. సొసైటీ అధ్యక్షుడి ఫోటో, కింద సభ్యులకి ఆయన శుభాకాంక్షలు. అందులో ఒక్క పనికొచ్చే మాట లేదు. కానీ అది తియ్యాలంటే ఆయనకి ఫోన్ చేసి చెప్పాలి. ఆయన కోప్పడతారు. నంబరు నొక్కాను, మోగకముందే పెట్టేశాను. రెండుసార్లు అలా చేశాను. డైరీలో అది కూడా ఉంది. తర్వాత దాతల పేజీ తీసేసి, చివర ఒక వాక్యం చేర్చాను: "దాతల వివరాలు సొసైటీ ఆఫీసు నోటీసు బోర్డులో చూడవచ్చు."

దాన్ని కూడా పెద్ద అక్షరాల్లోనే వేశాను.

బోర్డు మీద ఏముంది

ఓటుకి మూడు రోజుల ముందు ఆఫీసుకి ఫోన్ వచ్చింది. పెంచలమ్మ. పుస్తకం మొత్తం వరసకి చదివి వినిపించానని, అక్షరాలు ముత్యాల్లా ఉన్నాయని మెచ్చుకుంది. తర్వాత అడిగింది.

"చివర్లో ఏందో బోర్డు మీద ఉండాదని రాసినావే, అది చూద్దామని పోయినా పాపా. ఆడ బోర్డు మీద ఆదివారం భోజనాల కాగితం అంటించుండారు. దాని కింద ఏముండాదో కనబళ్ళా. బోర్డు జాలీ తలుపుకి తాళం. నువ్వు రాసిందే గదా, ఏముండాదో చెప్పు."

నా ముందు బల్ల మీదే ఆ పేజీ ఉంది. పది పేర్లు. చదవడానికి ఒక్క నిమిషం పట్టదు.

నేను చెప్పలేదు. ఫోన్లో ఒక పక్షం దాతల గురించి మాట్లాడితే ఇంకో పక్షానికి సాయం చేసినట్టు అవుతుందని భయం వేసింది. ఎవరైనా వింటే ఉద్యోగం పోతుందేమో. "మేం అలా చెప్పకూడదు పెద్దమ్మా. మేం ఎవరి వైపూ మాట్లాడకూడదు" అన్నాను.

ఆమె వదల్లేదు.

"ఎవురి వైపూ వొద్దులే. ఏముండాదో చదవమంటున్నా. అంతే గదా."

"బోర్డు సరిచెయ్యమని సొసైటీకి చెబుతాను" అన్నాను. చెప్పాను కూడా, ఉత్తరం రాసి. అది ఓటు అయిపోయిన మర్నాడు వాళ్ళకి చేరింది.

ఆ సాయంత్రం ఇంటికి వచ్చి ఆ పది పేర్లూ డైరీలో రాసుకున్నాను. వరసగా, ఊళ్ళతో సహా. ఎందుకు రాశానో తెలియదు. నా డైరీ చదివి ఓటు వేసేవాళ్ళెవరూ లేరు.

ఈ ఒక్క చోట మీరిద్దరూ ఆగి రెండుసార్లు చదవండి. ఎవరి వైపూ మాట్లాడకపోవడం, అచ్చు వెయ్యాల్సినదాన్ని చదవకపోవడం, ఈ రెండూ ఒకటి కావు. నాకు బిడియం ఉంది. దానికి నేను నిష్పక్షపాతం అని పేరు పెట్టుకున్నాను. మన పనిలో ఇది చాలా సులువు. అందుకే చెబుతున్నాను.

మూడో పెట్టె

ఓటు రోజు వరసలని బట్టి మూడు బల్లలు వేశాం, మూడు పెట్టెలు. చివరి వరస పెట్టె మూడోది. పెంచలమ్మ వచ్చి వేలికి ఇంకు గుర్తు పెట్టించుకుంది, నన్ను చూసి తల ఊపింది. సాయంత్రం లెక్క. మొదటి పెట్టె, కాదు. రెండో పెట్టె, కాస్త అటూ ఇటూ, అయినా కాదు. వాళ్ళంతా తమిళ పుస్తకం చదివినవాళ్ళు. వాళ్ళ పుస్తకంలో చివరి పేజీ ఉంది.

మూడో పెట్టె తెరిచాం. నేనే కాగితాలు విప్పుతున్నాను. అవును. అవును. అవును. మధ్యలో ఎక్కడా ఆగలేదు. ఆ పెట్టెతో తీర్మానం గెలిచింది, చాలా తక్కువ తేడాతో.

సారు నల్ల కళ్ళద్దాలు పెట్టుకుని ఫలితం చదివారు. బయట టపాసులు కాల్చారు. రైల్లో వచ్చేటప్పుడు ఆయన అడిగారు.

"తెలుగు పుస్తకంలో ఏ పేజీ తీసేసినావమ్మా?"

చెప్పాను. నుంగంబాక్కం దాటింది, చేత్‌పట్ దాటింది. దిగేముందు అన్నారు, "నేను అడిగుండాల."

ఆయన అన్నది అంతే. కాదన్నవాళ్ళ తరఫున ఫిర్యాదు వచ్చినప్పుడు మాత్రం "దాతల వివరాలను నోటీసు బోర్డులో ప్రదర్శించాము" అని జవాబు రాయించారు. ఆ జవాబు టైపు చేసింది నేనే. అందులో ఒక్క అబద్ధం లేదు. నేను ఇంతవరకు రాసినవాటిలో అంత నీచమైన వాక్యం ఇంకొకటి లేదు. సారంటే నాకు ఇప్పటికీ గౌరవమే. మంచి నియమం పెట్టిన మనిషే దాన్ని కాపాడలేకపోయారు. మీరు కూడా ఆయన్ని గౌరవించండి, కానీ ఆయన "ఏదో ఒకటి తీసెయ్" అన్నప్పుడు, ఏది అని మీరే చెప్పండి. ఆయన అడిగేదాకా ఆగకండి.

ఆరు నెలల్లో ఇళ్ళు కూల్చారు. కంపెనీ కొన్నాళ్ళు అద్దె ఇచ్చింది, తర్వాత మానేసింది. స్థలం చుట్టూ రేకులు కట్టి ఉన్నాయి. రైల్లో వెళుతుంటే కనబడుతుంది. లోపల పిచ్చి మొక్కలు, వాన పడితే నీళ్ళు. ఒక్క ఇటుక లేవలేదు.

నేను ఇంకో మూడేళ్ళు పనిచేశాను. తెలుగు పుస్తకాలు ఇంకా నాలుగు వేశాను. ప్రతిసారీ దాతల పేజీ మొదట పెట్టి, మిగతావి తర్వాత పేర్చాను. అది మంచి పద్ధతే, మీరూ అలాగే చెయ్యండి. కానీ ఒకరోజు మురుగేశన్ అన్న ఏదో పెళ్ళి కార్డుల పని మధ్యలో మాటల్లో అన్నారు. "అప్పుడు కోడంబాక్కం పుస్తకానికి ఒక పేజీ ఎక్కువైందన్నావే, విడి కాగితం వేసి లోపల పెట్టుంటే సరిపోయేది కదమ్మా. గంట పని. నువ్వు అడగలేదు."

ఆ నెలలోనే మానేశాను.

విడి కాగితం

మానేశాక మొదట చేసిన పని, ఆ పేజీని పంతొమ్మిది విడి కాగితాలుగా వేయించడం. అదే అక్షరం, అదే పరిమాణం. ఏమిటీ పిచ్చి అని మురుగేశన్ అన్న అడగలేదు. కింద ప్రెస్సు పేరు కూడా వెయ్యమన్నాను.

పెంచలమ్మ ఊరికి దూరంగా, రెడ్‌హిల్స్ అవతల ఒక గదిలో ఉంది. అద్దె. మేడ మీద గది, మెట్లకి పట్టుకోవడానికి ఏమీ లేదు. దిగడం తగ్గించిందట. తలుపు మీద ఇంటివాళ్ళ పేరు ఉంది. నన్ను గుర్తుపట్టింది. ఎందుకొచ్చానో చెప్పడానికి రైల్లో, బస్సులో మాటలు కూర్చుకున్నాను, అవేవీ రాలేదు. కాగితం చేతిలో పెట్టాను.

ఆమె గుమ్మం దగ్గర వెలుతురులోకి జరిగి, అలవాటు ప్రకారం పైకి చదివింది. వినడానికి నేను తప్ప ఎవరూ లేరు. కంపెనీ పేరు దగ్గర ఆగింది. మళ్ళీ మొదటి నుంచి చదివింది. అవును పక్షం ఐదు పేర్లూ అయ్యాక వేలితో మళ్ళీ కిందికీ పైకీ వెతికింది.

"బాబూరావు పేరేదీ?"

"లేదు పెద్దమ్మా."

"భోజనాలు?"

"వాళ్ళవే."

కింద ప్రెస్సు పేరు దాకా చదివింది. కాగితం మడిచింది.

"ఇది ఆ పొద్దు ఏడుండె?"

"నా బల్ల మీద. మీరు ఫోన్ చేసినప్పుడు నా ముందే ఉంది."

తిడుతుందనుకున్నాను. తిడితే బాగుండేది. ఆమె గోళ్ళు లేని వేళ్ళతో కాగితం మడత మళ్ళీ మళ్ళీ రుద్దింది, ఇస్త్రీ చేస్తున్నట్టు.

"ఇది చదివినా గూడా నేను అవుననే ఏసుందునేమో. ఏమో, చెప్పలేను. ఏసుంటే అది నా తప్పు అయ్యుండేది. ఆ తప్పు గూడా నాకు లేకుండా చేసినావే పాపా." కాగితం చూపించి, "వాళ్ళందరికీ నా నోటితోనే గదా చదివినా. నేను చదివిన పుస్తకంలో ఇది లేదని వాళ్ళకి ఎవురు చెబుతారు?" అంది.

నేను చెబుతానన్నాను. వరసలో ఎవరెవరు ఎక్కడికి పోయారో తనకి తెలిసినంత మటుకు చెప్పింది, రాసుకున్నాను.

నాలుగు నెలలు తిరిగాను. కొత్త మనిషి తలుపు తట్టడమంటే నాకు ఇప్పటికీ భయమే. ఒక ఇంట్లో కాగితం నా ముందే చించేశారు. ఒక ఇంట్లో, ఇప్పుడెందుకమ్మా ఇది, అని మంచినీళ్ళిచ్చి పంపారు. ఒకాయన పోయారు, ఆయన కోడలు తీసుకుంది. బాబూరావు వ్యాసర్‌పాడిలో కూతురింట్లో ఉన్నాడు. ఆయనకీ ఫ్లాటు రాలేదు. కాగితం పూర్తిగా చదివి, ఊపిరి వదిలి, "ఇందులో నా పేరు లేదు కదమ్మా" అన్నాడు.

"లేదండీ. అదే అప్పుడు నేను మీ వరసకి చెప్పలేదు" అన్నాను.

ఆయన తలుపు వేసుకున్నాడు.

పంతొమ్మిదింటిలో పదకొండు ఇచ్చాను. మిగతా ఎనిమిది కుటుంబాలు ఎక్కడున్నాయో తెలియలేదు. కొందరు నెల్లూరు వైపు వెళ్ళిపోయారంటారు, కొందరు ఊళ్ళోనే ఉన్నారంటారు. పెంచలమ్మ మొన్న వానల్లో పోయింది. ఆమె కాగితం ఎవరి దగ్గర ఉందో నాకు తెలియదు.

ఆ ఎనిమిది కాగితాలూ దీంతో పాటే పంపుతున్నాను. మీ బల్ల కింది సొరుగులో, ఇంకు ప్యాడ్ల కింద పెట్టండి. ఓటరు కార్డులో పేరు తప్పు పడిందని మెట్లెక్కి వచ్చేవాళ్ళలో ఎప్పుడైనా ఎవరైనా కోడంబాక్కం సొసైటీ చివరి వరస అంటే, వాళ్ళకి ఒకటివ్వండి. చదవడం రాదంటే కూర్చోబెట్టి మీరే చదవండి. పైకి, కింద ప్రెస్సు పేరు దాకా.